ఏప్రిల్‌లో చల్లిన గోధుమ ఎందుకు ఈనలేదు?

ప్రశ్న: మేము అమెరికాలోని ఒహాయో రాష్ట్రం ఉత్తర భాగంలో నాలుగు ఎకరాల స్థలంతో ఇల్లు కొన్నాము. నిజామాబాద్ జిల్లాలో నలభై ఏళ్లు వరి, పసుపు పండించిన మా నాన్నగారు ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నారు. కిందటి ఏప్రిల్ చివర ఆయన విత్తనాల కొట్లో ‘వింటర్ వీట్’ అని రాసి ఉన్న సంచి తెచ్చి పెరట్లో చల్లారు. మొక్క గడ్డిలా దట్టంగా పెరిగింది గాని ఒక్క కంకి కూడా రాలేదు. విత్తనం నకిలీదని నాన్నగారి అనుమానం. ఇక్కడి రైతులు వేసే ‘సాఫ్ట్ రెడ్ వింటర్ వీట్’ను ఈ ఏడాది గింజ కోసం సరిగా పండించాలని ఉంది. మూడు ఎకరాలు పక్క రైతుకు కౌలుకు ఇచ్చాము, అందులో మొక్కజొన్న ఉంది. మిగిలిన ఎకరంలో ఆ రైతే సోయాబీన్ వేశాడు. గోధుమ ఎక్కడ వేయాలి, ఎప్పుడు వేయాలి, విత్తనం ఎంత కావాలి? ఆ పిండితో చపాతీలు వస్తాయా? కొన్ని గింజలు నిజామాబాద్ తీసుకువెళ్లి వేయవచ్చా?

సమాధానం: ముందుగా నాన్నగారికి ఒక మాట చెప్పండి. ఆ విత్తనం నకిలీది కాదు, ఆయన సేద్యంలోనూ లోపం లేదు. పగటి పొడవును బట్టి ఈనే పాత వానాకాలపు వరి రకాలను యాసంగిలో వేస్తే పైరు ఏపుగా పెరుగుతూనే ఉంటుంది గాని వేళకు ఈనదు. ఈ సంగతి ఆయనకు మనకంటే బాగా తెలుసు. మీ పెరట్లో జరిగినదీ అటువంటిదే, కాకపోతే ఇక్కడ లోపించినది చలి. వింటర్ వీట్ మొలిచిన తరువాత సున్నా నుంచి పది డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండే చలిలో సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాలు గడిపితేనే దాని మొవ్వు ఆకులు వేయడం మాని కంకి కట్టడానికి సిద్ధమవుతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని వర్నలైజేషన్ అంటారు. ఏప్రిల్ చివర చల్లిన గింజకు ఆ చలి అందే అవకాశం లేదు, కాబట్టి అది వేసవి అంతా పిలకలు వేస్తూ గడ్డిగానే మిగిలిపోయింది. మన దేశంలో కార్తీకంలో విత్తి ఫాల్గుణంలో కోసే గోధుమలకు ఈ చలి అవసరం లేదు. అందుకే వాటిని శీతకాలంలోనే పండించినా, వృక్షశాస్త్రం లెక్కలో అవి వసంతకాలపు గోధుమలే.

ఇక ‘సాఫ్ట్’ అన్న మాట గింజ స్వభావాన్ని తెలిపేది. ఈ గింజ మరలో తేలికగా చితికి మెత్తటి పిండి అవుతుంది. మాంసకృత్తులు సాధారణంగా ఎనిమిదిన్నర నుంచి పదిన్నర శాతం దాకా ఉంటాయి, బంక సాగుడు తక్కువ. ఒహాయో, ఇండియానా, ఇల్లినాయ్, కెంటకీ, మిషిగన్ రాష్ట్రాలలో పండే గోధుమలో ఎక్కువ భాగం ఇదే. రొట్టెకు పనికివచ్చే గట్టి ఎర్ర గోధుమకు కాన్సాస్, మెత్తటి తెల్ల గోధుమకు వాషింగ్టన్ రాష్ట్రం పేరు పొందాయి. మీ నేలకు, మీ వానలకు, మీ చలికి అలవాటుపడినది మెత్తటి ఎర్ర గోధుమ గనుక మీరు ఎంచుకున్న పంట సరైనదే.

మీరు అడిగిన వాటిలో నేను అన్నిటికంటే ముఖ్యమైనదిగా భావించేది ‘ఎక్కడ వేయాలి’ అన్న ప్రశ్న. ఎందుకంటే మీరు ఈ గోధుమను అమ్మడానికి కాదు, ఇంట్లో తినడానికి పండిస్తున్నారు. తూర్పు అమెరికాలో ఈ పంటకు ఉన్న పెద్ద శత్రువు ఫ్యుజేరియం అనే బూజు వల్ల వచ్చే కంకి తెగులు. ఇక్కడి రైతులు దాన్ని స్కాబ్ అంటారు. మొక్కజొన్నకు కాండం కుళ్లు, పొత్తు కుళ్లు తెచ్చేది కూడా ఆ బూజే. మొక్కజొన్న కోసిన తరువాత చేలో మిగిలే చొప్ప మొదళ్ల మీద అది చలికాలమంతా బతికి ఉండి, వసంతంలో వానలు పడగానే బీజాలను గాలిలోకి వదులుతుంది. సరిగ్గా ఆ సమయానికే గోధుమ పూతకు వస్తుంది. కాబట్టి మొక్కజొన్న కోసిన మడిలో ఆ వెంటనే గోధుమ వేయడం తెగులును చేజేతులా ఇంటికి పిలవడమే. మీ మూడు ఎకరాల మొక్కజొన్న చేను ఈ ఏడాదికి మరచిపోండి. సోయాబీన్ వేసిన ఎకరమే మీ గోధుమకు తగిన చోటు, అందులోనూ మొక్కజొన్నకు దూరంగా ఉన్న వైపు ఎంచుకోండి. గాలికి వచ్చే బీజాలను పూర్తిగా ఆపలేము గాని, ప్రధానమైన ముప్పు మడిలోనే ఉన్న చెత్త నుంచి వస్తుంది.

ఈ విషయంలో నేను ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ల క్రితం, మొక్కజొన్న కోసిన మడిలో దున్నకుండానే విత్తిన ఒక గోధుమ చేనును నేను మే నెల నుంచి కోత దాకా వారం వారం చూశాను. చేను చూడముచ్చటగా ఉండేది. పూత సమయానికి ఐదు రోజులు ముసురు పట్టింది. ఆ తరువాత రెండున్నర వారాలకు వెళ్లి చూస్తే పచ్చటి కంకులలో పై సగం తెల్లగా పాలిపోయి ఉంది, కింది సగం మాత్రం ఇంకా పచ్చగానే ఉంది. ఒక కంకిని వేళ్లతో విప్పి చూస్తే గింజల పొట్టు మొదట్లో లేత గులాబీ రంగు బూజు అంటుకుని కనిపించింది. కోతకు వచ్చేసరికి గింజలు ముడుచుకుపోయి, సున్నం పూసినట్టు తెల్లగా, అరచేతిలో బరువే తెలియనంత తేలికగా తయారయ్యాయి. ఆ ధాన్యాన్ని గిడ్డంగి వారు తీసుకోలేదు. దిగుబడి తగ్గడం ఒక నష్టం. అంతకంటే పెద్ద సంగతి, ఆ బూజు గింజలో డీఆక్సీనివాలినాల్ అనే విషాన్ని వదులుతుంది. వాంతులు కలిగిస్తుంది గనుక దాన్ని వామిటాక్సిన్ అని కూడా అంటారు. పెనం మీది వేడికి, పొయ్యి వేడికి అది చెప్పుకోదగ్గంతగా తగ్గదు. పైగా అది ఎక్కువగా గింజ పైపొరలోనే ఉంటుంది. తవుడు తీసిన తెల్ల పిండి కంటే, మనం ఇంట్లో తవుడుతో సహా ఆడించుకునే పిండిలో అది ఎక్కువ మిగులుతుంది. మనుషులు తినే గోధుమ పదార్థాలలో అది పది లక్షల వంతులలో ఒక వంతు, అంటే 1 పీపీఎం మించకూడదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ సూచించింది.

ఈ ముప్పును తగ్గించడంలో మడి తరువాతి స్థానం విత్తన రకానిది. నాన్నగారు తెచ్చినటువంటి సంచులు చాలావరకు నేలను కప్పి ఉంచే పచ్చికగా వేయడానికి అమ్మేవి. వాటి మీద రకం పేరే ఉండదు. తినడానికి పండించేటప్పుడు పేరు తెలియని విత్తనం వేయకండి. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం ఏటా గోధుమ రకాలను పలుచోట్ల పండించి ఆ ఫలితాలను పట్టికగా ప్రకటిస్తుంది. ఆ పట్టికలో అందరి కళ్లూ దిగుబడి గడి మీదికే పోతాయి. మీరు మాత్రం ముందు స్కాబ్ గడి చూడండి, తరువాత చేను పడిపోయే గుణం చూడండి, దిగుబడిని చివరికి వదిలేయండి. ఈ తెగులును పూర్తిగా తట్టుకునే రకం ఇంతవరకు లేదు, ఒక మోస్తరుగా తట్టుకునేవి మాత్రం ఉన్నాయి. మిస్సోరీ విశ్వవిద్యాలయం ఇచ్చిన ట్రూమన్ అనే రకం అటువంటి వాటిలో పేరు పొందింది. మీ చుట్టుపక్కల ఈ ఏడాది ఏ రకం దొరుకుతుందో ధ్రువీకరించిన విత్తనం అమ్మేవారిని అడిగి, ఆ పట్టికతో సరిచూసుకుని తీసుకోండి. గోధుమ స్వపరాగ సంపర్కం జరుపుకొనే పంట గనుక మీ పంటలోని గింజలను మళ్లీ విత్తినా రకం గుణం చెడదు. అయితే కొన్ని కంపెనీ రకాలను తిరిగి విత్తకూడదన్న షరతుతో అమ్ముతారు, కొనేటప్పుడే సంచి మీది రాత చదవండి.

నాన్నగారు మొదటి ఏడాదే ఎకరమంతా వేద్దామని అనవచ్చు. అర ఎకరం చాలునని నా అభిప్రాయం. ఒహాయోలో ఇటీవలి సంవత్సరాలలో ఎకరానికి సగటున 80 బుషెళ్ల వరకు దిగుబడి వస్తోంది. బుషెల్ గోధుమ 60 పౌండ్లు కాబట్టి అర ఎకరానికి 2,400 పౌండ్లు, అంటే దాదాపు పదకొండు క్వింటాళ్లు. కొత్తవారు కావడంతో అందులో సగమే వచ్చిందనుకున్నా, రోజూ ఒక పూట చపాతీ తినే నలుగురున్న ఇంటికి ఏడాదికి మించిన గింజలు అవి. అర ఎకరమైతే కలుపునూ తెగులునూ నాన్నగారు తన కళ్లతోనే కనిపెట్టి చూసుకోగలరు. నిల్వ చేయడమూ మీ చేతిలో ఉంటుంది.

విత్తే తేదీ విషయానికి వస్తే, ఇక్కడి రైతులు ‘ఈగ దాటిన తేదీ’ అనే లెక్క పాటిస్తారు. హెస్సియన్ ఫ్లై అనే చిన్న ఈగ సెప్టెంబరులో లేత గోధుమ ఆకుల మీద గుడ్లు పెడుతుంది, దాని పిల్లపురుగులు మొక్క మొదట్లో చేరి రసం పీలుస్తాయి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధ కాలంలో బ్రిటిష్ వారి తరఫున పోరాడడానికి వచ్చిన జర్మనీ హెస్సియన్ సైనికుల గడ్డి పరుపులతో పాటు అది ఈ దేశానికి చేరిందని నమ్మడం వల్ల దానికి ఆ పేరు వచ్చింది. ఉత్తర ఒహాయో జిల్లాలలో ఈ తేదీ సెప్టెంబరు 22, దక్షిణం చివరన అక్టోబరు 5. ఆ తేదీ దాటాక విత్తితే, మొలక వచ్చేసరికి ఈగల కాలం ముగిసిపోతుంది. పేనుబంక ద్వారా వ్యాపించి, ఆకులను పసుపు రంగుకు తిప్పి మొక్కను గిడసబారేటట్టు చేసే వైరస్ బెడద కూడా తగ్గుతుంది. అలాగని మరీ ఆలస్యం చేసినా, చలి ముదిరేలోపు మొక్క పిలకలు వేయలేక బలహీనంగా ఉండిపోతుంది. మీ ప్రాంతానికి సెప్టెంబరు చివరి వారం నుంచి అక్టోబరు మొదటి వారం దాకా మంచి అదను. ఇందులో ఒక చిక్కు ఉంది. సోయాబీన్ కోత కూడా ఆ రోజుల్లోనే. కౌలు రైతుతో ఇప్పుడే మాట్లాడి, ఆ ఎకరాన్ని ముందుగా కోయగలరా అని అడగండి. వీలైతే ఆయన గొర్రుతోనే విత్తించండి. సోయా మొదళ్లలో దుక్కి అవసరం లేకుండానే గోధుమ విత్తవచ్చు.

విత్తనాన్ని ఇక్కడ కిలోలలో కాక గింజల లెక్కలో చూస్తారు, ఎందుకంటే పౌండుకు తూగే గింజల సంఖ్య రకాన్ని బట్టి, ఏడాదిని బట్టి చాలా మారుతుంది. అదనులో, ఏడున్నర అంగుళాల సాళ్లలో విత్తితే ఎకరానికి 12 లక్షల నుంచి 16 లక్షల గింజలు వేయాలన్నది సిఫారసు. మీరు 14 లక్షలు అనుకోండి. సంచి మీద పౌండుకు 12,000 గింజలు, మొలక 90 శాతం అని ఉంటే అర ఎకరానికి సుమారు 65 పౌండ్లు, అంటే 30 కిలోల లోపే సరిపోతుంది. సాలులో అడుగు దూరానికి ఇరవై గింజలు పడితే లెక్క కుదిరినట్టే. గొర్రు దొరకక చేత్తో వెదజల్లవలసి వస్తే కనీసం నాలుగో వంతు ఎక్కువ వేసి, పైన మట్టి కప్పేటట్టు పళ్ల దంతె తిప్పండి. లోతు మాత్రం అంగుళంన్నర ఉండాలి. వరి నారుమడి అలవాటున్న చేయి గింజను పైపైనే వదలాలని చూస్తుంది. ఇక్కడ అలా చేస్తే నష్టపోతాము. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నేల పగలు కరిగి రాత్రి గడ్డకట్టడంతో, పైపైన వేరూనిన మొక్కను మంచు పళ్లు ఊడబెరికినట్టు పైకి తోసేస్తుంది. మురుగు నిలిచే చోట ఈ బెడద మరీ ఎక్కువ, కాబట్టి ఎకరంలో నీరు నిలవని భాగమే తీసుకోండి.

విత్తేముందు భూసార పరీక్ష చేయించడం మరువకండి. గోధుమకు భాస్వరం ఆకలి ఎక్కువ. ఇక్కడి ప్రయోగశాలల పద్ధతిలో భాస్వరం 30 పీపీఎం కంటే తక్కువ ఉంటే విత్తేటప్పుడే ఆ ఎరువు అందించాలి. ఆమ్లత ఎక్కువగా ఉంటే సున్నం వేయాలి. నత్రజని మాత్రం ఈ దశలో అర ఎకరానికి పది పన్నెండు పౌండ్లకు మించి వద్దు.

డిసెంబరుకల్లా మొక్కకు మూడు నాలుగు పిలకలు వచ్చి నేలను అంటిపెట్టుకుని ఉండాలి. ఆ తరువాత చేయవలసిన పని ఏమీ లేదు, చేయకుండా ఉండడమే కష్టం. మంచు కప్పినన్నాళ్లూ చేనుకు అది దుప్పటి కప్పినట్టే. అసలు చలి కోత మంచు లేని ఎండు గాలులలోనే ఉంటుంది. మంచు కరిగిన తరువాత చేను చూసి నాన్నగారు దిగులు పడవచ్చు, ఎందుకంటే ఆకులు గోధుమ రంగుకు తిరిగి, ఎండిన గరిక పరచినట్టు కనిపిస్తాయి. అప్పుడు నాలుగైదు చోట్ల మొక్కలను వేళ్లతో సహా తవ్వి తీసి, కడిగి, నేల మట్టానికి అంగుళం లోపల ఉండే మొదలును గోటితో చీల్చి చూడండి. అది తెల్లగా, గట్టిగా ఉండి, పక్కనుంచి కొత్త తెల్లవేళ్లు కనిపిస్తే మొక్క బతికి ఉన్నట్టే. మెత్తబడి రంగు మారితే పోయినట్టు. అక్కడక్కడా పోయినా, సగం మొక్కలు నిలిచి ఉంటే చేనును దున్నేయకండి. మిగిలినవి పిలకలతో ఆ ఖాళీని చాలావరకు పూడుస్తాయి.

పచ్చదనం తిరిగి వచ్చినప్పటి నుంచి మొదటి కణుపు తేలేలోపు పైపాటుగా నత్రజని వేయాలి. మీ ప్రాంతంలో అది మార్చి చివర నుంచి ఏప్రిల్ దాకా ఉంటుంది. కణుపు తేలిందీ లేనిదీ చూపుతో తెలియదు. ప్రధాన పిలకను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని మొదటి నుంచి పైకి జరిపితే చిన్న ముడి తగులుతుంది. అప్పటిదాకా మొవ్వు నేల లోపలే భద్రంగా ఉంటుంది, ఆ తరువాత తొక్కినా, మందు పొరపాటున కొట్టినా నేరుగా కంకికే దెబ్బ. అర ఎకరానికి 40 పౌండ్ల నత్రజని, అంటే యూరియా రూపంలో సుమారు 40 కిలోలు చాలు. గడ్డకట్టిన నేల మీద చల్లవద్దు, కరిగిన నీటితో పాటు కాలువ పాలవుతుంది. ఎక్కువ వేస్తే చేను ఎత్తు పెరిగి పడిపోతుంది. మెత్తటి గోధుమలో మాంసకృత్తులు పెంచాలని ప్రయత్నించడం దాని స్వభావానికే విరుద్ధం.

కలుపులలో మీకు ప్రత్యేకంగా చెప్పవలసినది అడవి వెల్లుల్లి. మార్చిలో గోధుమ మధ్య సన్నని, గుండ్రని, బోలు ఆకులు కనిపిస్తాయి. ఒకటి తుంచి నలిపితే పోపు పెట్టినంత వాసన వస్తుంది. జూన్ చివరికి దాని కాడ కొసన గుత్తిగా చిన్న పాయలు కట్టి, సరిగ్గా గోధుమ గింజంత పరిమాణంలో ఉంటాయి గనుక నూర్పిడిలో, జల్లెడలో విడిపోవు. మరలో పడితే పిండి మొత్తానికీ ఆ వాసన పడుతుంది. అమెరికా ధాన్యపు ప్రమాణాలలో కిలో గోధుమలో రెండుకు మించి పచ్చి పాయలు ఉంటే ‘గార్లికీ’ అనే ముద్ర వేస్తారంటే అది ఎంత మామూలు సమస్యో గ్రహించవచ్చు. పెద్ద రైతులు దీనికి మందు కొడతారు. మీ అర ఎకరానికి, మార్చి చివర నేల మెత్తగా ఉన్నప్పుడు గునపంతో గడ్డతో సహా పెకలించడమే మంచి పద్ధతి. పైన తుంచితే లోపలి గడ్డ మళ్లీ మొలుస్తుంది.

మే చివరి వారం వచ్చేసరికి రోజూ ఒకసారి చేనులోకి వెళ్లండి. కంకి బయటపడిన మూడు నాలుగు రోజులకు దాని నడిమి భాగంలో పసుపు పచ్చని పుప్పొడి తిత్తులు సన్నని దారాలతో వేలాడతాయి, అదే పూత మొదలు. ఆ రోజు నుంచి ఐదారు రోజులలోపు మందు కొడితేనే స్కాబ్ మీద ఫలితం ఉంటుంది. తెల్లబడిన కంకి కనిపించాక కొట్టడం డబ్బు పారేసుకోవడమే. ఆ సమయంలో వాన, పొగమంచు, వెచ్చదనం కలిసివస్తే ట్రయజోల్ జాతి మందును పిచికారీ చేసే అనుభవం ఉన్నవారితో కొట్టించండి. స్ట్రోబిలూరిన్ జాతి మందులు కంకి దశలో వాడితే విషం పెరిగే ప్రమాదం ఉంది గనుక డబ్బా మీది పేర్లు చదవకుండా కొననివ్వకండి. వాతావరణం పొడిగా ఉండి, తట్టుకునే రకాన్ని సోయా మడిలో వేసి ఉంటే మందు లేకుండా గడిచిపోయే ఏళ్లు కూడా ఉంటాయి. మందు కొట్టాలా వద్దా అన్నది ఆ వారం ఆకాశాన్ని చూసి మీరు తీసుకోవలసిన నిర్ణయం.

కోత జులై మొదటి పక్షంలో వస్తుంది. గింజ పండిన తరువాత వానకు తడిసి ఆరడం మొదలైతే బరువు తగ్గుతుంది, కంకిలోనే మొలక రావచ్చు, అందుచేత చేను సిద్ధమైన వెంటనే కోయాలి. నిల్వకు తేమ 13 శాతానికి మించకూడదు. నూర్చిన గింజలను ఫ్యాను గాలికి గట్టిగా తూర్పారబట్టండి. బూజు పట్టిన సున్నపు గింజలు తాలు గింజల్లా తేలికగా ఉంటాయి గనుక చాలావరకు పొట్టుతో పాటు ఎగిరిపోతాయి. ఆ తరువాత ఒక నమూనాను ధాన్యపు పరీక్షశాలకు పంపి వామిటాక్సిన్ ఎంతుందో చూపించండి. చేను ఎంత శుభ్రంగా కనిపించినా ఈ పరీక్ష మానవద్దని నా మనవి. పిల్లలు తినే తిండి ఇది. వాడకానికి తీసే గింజలను కొద్దికొద్దిగా నాలుగైదు రోజులు ఫ్రీజర్‌లో ఉంచితే పురుగు గుడ్లు చనిపోతాయి.

ఇక చపాతీ సంగతి. వస్తుంది, కానీ మీకు అలవాటైన చపాతీ రాదు. మన ఆటా గోధుమ గట్టిది. తిరగలి రాళ్ల మధ్య నలిగేటప్పుడు దాని పిండిపదార్థం కొంత చిట్లి నీటిని బాగా పీల్చుకుంటుంది, అందుకే పిండి సాగుతుంది, పొంగుతుంది, చల్లారినా మెత్తగా ఉంటుంది. మెత్తటి గోధుమ పిండి నీటిని తక్కువ పీలుస్తుంది. మీరు అలవాటు కొద్దీ నీరు పోస్తే ముద్ద చేతికి అంటుకుంటుంది. ఒత్తేటప్పుడు అంచులు చీలతాయి, కాల్చిన చపాతీ వేడిగా ఉన్నంతసేపు బాగుండి మధ్యాహ్నం డబ్బాలో పెట్టేసరికి విరుగుతుంది. కొట్లో దొరికే గట్టి గోధుమను సగానికి సగం కలిపి ఆడిస్తే ఈ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. రవ్వకు కూడా ఇది పనికిరాదు, మరలో పలుకు నిలవదు, ఉప్మా ముద్దవుతుంది. దీని ప్రతిభ వేరేచోట ఉంది. గుల్లగా విరగవలసిన ప్రతి పిండివంటకూ ఇది సరైన పిండి. బెల్లం పాకం పట్టిన గవ్వలు, కాజాలు, ఉస్మానియా బిస్కెట్ల వంటివి దీనితో చేసి చూడండి. సన్నని జల్లెడ పట్టి తవుడు కొంత తీసేస్తే ఇంకా బాగా వస్తాయి.

చివరిగా, గింజలను నిజామాబాద్ తీసుకువెళ్లడం గురించి. ఆ పని దయచేసి చేయకండి. మొదటి కారణం మీరు పెరట్లో చూసినదే. నిజామాబాద్ చలికాలపు రాత్రులు ఎంత చల్లగా అనిపించినా, పగటి ఎండ కలిసిన ఆ వాతావరణంలో ఈ గోధుమకు కావలసిన నిలకడైన చలి దొరకదు, కాబట్టి అక్కడ కూడా గడ్డే మిగులుతుంది. రెండవది మరింత ముఖ్యమైనది. అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనాన్ని దేశం దాటించడం చట్టవిరుద్ధం, ఆ చట్టానికి బలమైన కారణం ఉంది. దక్షిణ అమెరికాలో ఉండే గోధుమ అగ్గితెగులు 2016లో బంగ్లాదేశ్‌లో బయటపడింది, ఆసియాలో అదే మొదటిసారి. 1931లో మన కర్నాల్‌లో గుర్తించిన కర్నాల్ బంట్ తెగులు 1996లో అమెరికాలోని అరిజోనాలో కనిపించింది. తిరిగి వచ్చేటప్పుడు అక్కడి శర్బతీ గోధుమను విత్తనానికని పెట్టెలో పెట్టుకు రావడం కూడా అంతే తప్పు.

అయినా ఈ గోధుమకూ మన పొలాలకూ ఒక చుట్టరికం ఉందని నాన్నగారికి చెప్పండి, ఆయన సంతోషిస్తారు. 1862లో పెన్సిల్వేనియాలో ఒక రైతు ఏరి పెంచిన ఫుల్ట్జ్ అనే మెత్తటి ఎర్ర శీతకాలపు గోధుమ జపాన్ చేరింది. అక్కడి పొట్టి రకం దరుమతో, ఆ తరువాత టర్కీ రెడ్ అనే గోధుమతో కలిసి, 1935 నాటికి నోరిన్ 10 అయింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత నోరిన్ 10 అమెరికాకు వచ్చి, వాషింగ్టన్ రాష్ట్రంలో ఆర్విల్ వోగెల్ అనే గోధుమ శాస్త్రజ్ఞుడి చేతిలో పడింది. ఆయన సంకరాల విత్తనం మెక్సికోలో పనిచేస్తున్న మరో గోధుమ శాస్త్రజ్ఞుడు నార్మన్ బోర్లాగ్‌కు అందింది. బోర్లాగ్ దాన్ని చలి అవసరం లేని రకాలతో కలిపి తయారుచేసిన పొట్టి గోధుమలే 1960లలో మన దేశానికి వచ్చాయి. నాన్నగారికి ఊళ్లో గోధుమ వేయాలని కోరిక ఉంటే, దక్కను నేలల కోసం మన దేశంలోనే తయారైన ఎం.ఏ.సి.ఎస్. 6222 వంటి రకం గాని, ఖప్లీ అనే పాతకాలపు గోధుమ జాతిలో డి.డి.కె. 1029 రకం గాని అడిగి, నవంబరులో విత్తమనండి. ఇక్కడికైతే ముందు ఈ వారంలోనే మట్టి నమూనా తీసి పంపండి, కౌలు రైతుతో సోయా కోత తేదీ మాట్లాడండి. సెప్టెంబరు 22కు మిగిలిన సమయం తక్కువ.